మార్గశిరంలో మా వూరి గాలి

కార్తీకం వెళ్లిందంటే మా యింట్లో ఒక తగాదా మొదలవుతుంది. మా బాపుకూ నాకూ. ఆయన గోదావరిఖనిలో భూమి లోపల ముప్పై అయిదేళ్లు పనిచేసి విరమించిన మనిషి. రోజూ గంటసేపు నడవమని డాక్టరుగారు చెప్పారు. నడవమన్నారేగాని యెప్పుడు నడవాలో చెప్పలేదు. మొదటి షిఫ్టుకు లేచిన అలవాటు గనుక బాపుకు నాలుగున్నరకే మెలకువ వస్తుంది. తలకు మఫ్లరు చుట్టుకొని, చేతికర్ర పుచ్చుకొని చీకట్లోనే బయలుదేరతారు. ఆరింటికి దగ్గుతూ తిరిగి వస్తారు.

"బాపూ, యీ రెండు నెలలూ పొద్దెక్కినాక నడవరాదూ?" అంటాను.

"ముప్పై అయిదేండ్లు భూమి కింది గాలి పీల్చిన. మీది గాలికి భయపడుతనా? తెల్లారగట్ల గాలి కంటె మంచిది యేముంటదిరా?" అంటారు.

తెల్లవారుజాము గాలి అమృతమని మనకందరికీ చిన్ననాటినుంచీ నూరిపోశారు. నేనూ మా విద్యార్థులకు అదే చెప్పిన పాపాన పోయాను. చెట్టూచేమా వున్న పల్లెలో, వానలు వెలిసిన రోజుల్లో ఆ మాట నిజమే. పేరులోనే ఖని వున్న మా వూళ్లో, చలికాలంలో మాత్రం ఆ లెక్క తారుమారవుతుంది.

యెందుకంటారా? పగటి ఎండకు నేల కాగి, దానినంటిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పోతూపోతూ పొగనూ దుమ్మునూ మోసుకుపోతుంది. చలికాలపు రాత్రి మబ్బు లేకపోతే నేల గబగబా చల్లారుతుంది. నేలమీది గాలి చల్లబడి బరువెక్కి కదలకుండా కూర్చుంటుంది. దానిపైన వెచ్చని గాలి పరుచుకుంటుంది. పైకి పోయినకొద్దీ చల్లబడవలసింది పోయి వెచ్చబడుతుందన్నమాట. దీన్ని శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మా ఆవిడ యింత వ్యాఖ్యానమూ విని, "అన్నం గిన్నెమీద మూత పెట్టినట్టు" అని తేల్చేసింది. ఆ మూత తీసేది సూర్యుడొక్కడే.

ఆ మూతకింద యేమున్నదీ చూడాలి. మా వూరికి వచ్చిన చుట్టాలు ముందు ఎన్టీపీసీ పొగగొట్టాలను చూపించి నిట్టూరుస్తారు. 1983లో మొదటి యూనిట్ నడిచిన ఆ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. పక్కనే మరో 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు వెలిసింది. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పై నలభై పాళ్లు బూడిదే. ఆ గొట్టాలను నిర్దోషులని నేననను. కాని అంతెత్తు కట్టిందే పొగను ఆ మూతకు పైన వదలడానికి. చీకటివేళ మనం పీల్చేది చాలావరకు కింద పుట్టిన పొగ: బొగ్గు లారీలది, వీధి చివర తగలబెట్టిన చెత్తది, చలిమంటలది. ఆపైన బొగ్గుకు ఒక గుణం వుంది. గాలి తగిలితే మెల్లగా వేడెక్కి, యెవరూ అంటించకుండానే రాజుకుంటుంది. ఎండ యెక్కి మూత కదిలినప్పుడు పైన నిలిచిన గొట్టాల పొగ కూడా కొంత కిందికి దిగుతుంది. అందుచేత యెనిమిదింటికే తొందరపడక, పది దాటనివ్వడం మేలు.

ఈ మూత యేం చేయగలదో లండను నగరం 1952 డిసెంబరులో చూసింది. అయిదు రోజులపాటు బొగ్గుపొగ కదలక నిలిచిపోతే నాలుగువేలమంది పోయారని అప్పటి లెక్క. తరువాతి అంచనాలు పన్నెండువేలదాకా వెళ్లాయి. ఆ పొగలో పెద్ద వాటా యిళ్లలోని బొగ్గు పొయ్యిలదే. నాలుగేళ్లకు అక్కడ స్వచ్ఛమైన గాలికోసం చట్టం వచ్చింది.

విశాఖపట్నంలో కాపురమున్న మా చెల్లెలు, "మీకు సముద్రం లేదు, అదీ మీ లోటు" అంటుంది. పగటిపూట సముద్రపు గాలి వీచి వూరిని వూడ్చేమాట నిజమే. కాని రాత్రి ఆ గాలి వెనుతిరుగుతుంది. వూరు ఉత్తరాన కైలాసగిరికీ దక్షిణాన యారాడ కొండకూ నడుమ గిన్నెలా వుంది. చలికాలపు ఉదయాన ఆ గిన్నెకూ మూతపడుతుంది. రేవులో బొగ్గు గుట్టలు వాళ్లకూ వున్నాయి. ఆ వూరిని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల పట్టికలో చేర్చింది. ఈ సంగతి రాస్తే చెల్లెలు బదులు రాయలేదు.

మాకు గోదావరి వుందిగాని, నది సముద్రం పని చేయలేదు. చలికాలంలో కాస్త మంచును మాత్రం కలుపుతుంది.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో రామగుండం ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటడం అందరూ పేపర్లో చదివేదే. ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలమీదినుంచి వడగాలి లేచిందంటే మా ఆవిడ దండెంమీది బట్టలు చూసి వూరంతటినీ తిడుతుంది. అయితే ఆ ముతక దుమ్ములో చాలాభాగం ముక్కే ఆపేస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకూడా లేని నలుసు. అది దండెంమీది ధోవతికి తెలియదు. రోజు సగటున ఘనపు మీటరు గాలిలో అటువంటి నలుసులు అరవై మైక్రోగ్రాములు మించరాదని మన ప్రభుత్వపు హద్దు. మృగశిరలో వానపడితే నాలుగు నెలలు గాలి కడిగినట్టుంటుంది. అప్పుడు బాపు నాలుగింటికి లేచి నడిచినా నేను మాట్లాడను.

బాపు వాదంలో నన్ను బాధించేది ఒక్కటే. గనిలో పీల్చినవాణ్ణి, నాకేం కాదంటారు. లోపల దిగిన బొగ్గుపొడి పూర్తిగా బయటికి రాదు. ఆ బరువు మోస్తున్న ఛాతీకి యీ పొగ మరీ చేటు. ఈసారి యిదే చెప్పాను, కొంచెం గొంతు పెంచి.

చాలాసేపు మాట్లాడలేదు. "పది గంటలకు నడిస్తే పనిలేనోడనుకుంటరు" అన్నారు చివరికి.

మర్నాడు నాలుగున్నరకే లేచి, మఫ్లరు చుట్టుకొని వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. తలుపు తీసి లోపల కూర్చోమన్నాను. పది కొట్టాక గొడుగు పట్టుకొని బయలుదేరారు. పన్నెండు కావస్తున్నా రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. చౌరస్తా చాయ్ హోటల్లో నలుగురు పాత గని స్నేహితుల మధ్య కూర్చుని, గాలికి మూతపడే సంగతి వాళ్లకు వివరిస్తున్నారు.