మెష్ రేడియో కొన్నారు సరే, మేడ మీద రిపీటర్‌ని చూసుకునేదెవరు?

మే నెలలో అంతా సూపర్‌గా పనిచేసింది. అసలు పరీక్ష అక్టోబర్‌లో వచ్చింది. అందులో మేం ఫెయిల్.

విషయానికి వస్తే, మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి విశాఖలో మా అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ మీద ఒక సోలార్ మెష్‌టాస్టిక్ నోడ్ పెట్టాం. ఫోన్‌లో సిమ్ తీసేసి, వైఫై ఆపేసి, బీచ్ రోడ్డు నుంచి మెసేజ్ పెడితే ఇంట్లో ఉన్నవాడికి టింగుమని వచ్చేది. వీడియోలు తీశాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. అక్టోబర్‌లో అల్పపీడనం పట్టింది. మూడు రోజులు ముసురు. రెండో రోజు తెల్లారేసరికి నోడ్ పోయింది. అంటే, ఏ రోజు కోసం దాన్ని పెట్టామో సరిగ్గా ఆ రోజే అది లేదు.

అందుకే ఈ మాట కాస్త గట్టిగానే చెప్తున్నా. చేతిలో పట్టుకునే పది కొత్త నోడ్‌లు కొనేకంటే, ఎత్తైన చోట ఒక్క సోలార్ రిపీటర్‌ని సరిగ్గా పెట్టి, దాన్ని చూసుకునే మనిషిని ఒకర్ని పెట్టుకోవడం మేలు. మన గ్రూపుల్లో మాత్రం దీనికి రివర్స్‌లో జరుగుతోంది.

అసలు ఇది ఎందుకు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు. కరెంట్ లేదు, ఫోన్లు లేవు. పక్క కాలనీలో ఉన్న అమ్మమ్మ ఎలా ఉందో తెలుసుకోవాలంటే కూలిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనం మేడల మీద చిక్కుకుపోయారు. అలాంటప్పుడు "మేం బాగున్నాం", "మంచినీళ్లు కావాలి" అనే రెండు ముక్కలు బయటికి వెళితే చాలు. మెష్ ఇచ్చేది ఆ రెండు ముక్కలే. వీడియో కాల్ కాదు, వాట్సాప్ కాదు.

లోరా రేడియో చాలా తక్కువ పవర్‌తో చాలా దూరం వెళ్తుంది. ఒక నోడ్ పంపింది ఇంకో నోడ్ విని మళ్లీ పంపుతుంది. డిఫాల్ట్‌గా మూడు హాప్‌లు. నేల మీద, బిల్డింగుల మధ్య ఉన్న నోడ్ వీధి దాటడానికే కష్టపడుతుంది. అదే కొండ మీదో, పది అంతస్తుల మేడ మీదో ఉన్న నోడ్ ఊరంతా వింటుంది. లోరాకి ఎత్తే బలం. విశాఖ చుట్టూ దేవుడిచ్చిన కొండలున్నాయి. మనకి లేనిది ఓపిక.

ముసురు రోజు లెక్క వేయండి

మేం చేసిన తప్పు ఇక్కడే ఉంది. మా బోర్డులో ఈఎస్‌పీ32 చిప్ ఉంది. చవక, వైఫై ఉంటుంది, యూట్యూబ్ నిండా దాని రివ్యూలే. కానీ అది దాదాపు 100 మిల్లీఆంప్స్ లాగుతుంది. రోజుకి 2,400 ఎంఏహెచ్. మేం పెట్టింది 3,000 ఎంఏహెచ్ 18650 సెల్ ఒక్కటి. అంటే ఎండ లేకపోతే 30 గంటలు. రెండో రోజు ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైందిగా?

ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ ఉన్న బోర్డు, ఉదాహరణకి రాక్ వైర్‌లెస్ వాళ్ల 4631, ఇదే పనిని సుమారు 10 మిల్లీఆంప్స్‌తో చేస్తుంది. రోజుకి 240 ఎంఏహెచ్. అదే సెల్ మీద పన్నెండు రోజులు.

ప్యానెల్ వైపు నుంచి కూడా చూడండి. 5 వాట్ల ప్యానెల్‌కి మంచి ఎండలో రోజుకి నాలుగైదు గంటల పూర్తి వెలుగు అనుకుంటే 20 వాట్ అవర్లు వస్తాయి. దట్టంగా మబ్బు పట్టిన రోజు అందులో పదో వంతు అనుకుందాం. అంటే 2 వాట్ అవర్లు. ఈఎస్‌పీ32కి రోజుకి దాదాపు 9 కావాలి, ఎన్‌ఆర్‌ఎఫ్‌కి ఒకటి కూడా అక్కర్లేదు. మొదటిది ముసురులో రోజురోజుకీ అప్పుల్లో పడుతుంది. రెండోది ముసురులోనే ఛార్జ్ అవుతుంది.

కాబట్టి ఈఎస్‌పీ32 బోర్డు చెడ్డదని కాదు. అది ఇంట్లో ప్లగ్ దగ్గర ఉంచుకునే వస్తువు. మేడ మీద దాని పని కాదు. సోలార్ నోడ్ అని బాక్స్ మీద రాసి ఉన్నా సరే, లోపల ఏ చిప్ ఉందో చూశాకే డబ్బులు పెట్టండి.

ఎండ కూడా శత్రువే

విదేశీ వీడియోల్లో అందరూ మంచు గురించి, చలికి బ్యాటరీ ఛార్జ్ కాకపోవడం గురించి మాట్లాడతారు. మన బాధ వేరు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల ఇంకా ఎక్కువ. మామూలు లిథియం అయాన్ సెల్స్‌ని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదంటారు. అందుకే నా ఓటు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి. వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. ఒక్క జాగ్రత్త: దానికి 4.2 వోల్టుల మామూలు ఛార్జర్ పెట్టకూడదు, దాని ఫుల్ ఛార్జ్ 3.6 దగ్గరే. తెల్ల డబ్బా వాడండి, ప్యానెల్ నీడ డబ్బా మీద పడేలా బిగించండి, కేబుల్ కింద నుంచి లోపలికి వెళ్లాలి.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని రివ్యూల్లో ఎవరూ చెప్పరు. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక, ఎండ మెల్లగా వచ్చినప్పుడు వోల్టేజ్ కూడా మెల్లగా పెరుగుతుంది. ఆ మధ్యలో బోర్డు సగం లేచి హ్యాంగ్ అవుతుంది. బ్యాటరీ నిండినా నోడ్ లేవదు. ఎవరో ఒకరు ట్యాంక్ ఎక్కి రీసెట్ నొక్కాలి. తక్కువ వోల్టేజ్ దగ్గర కరెంట్ పూర్తిగా కట్ చేసి, బ్యాటరీ కాస్త నిండాకే మళ్లీ ఇచ్చే చిన్న సర్క్యూట్ పెడితే ఈ తలనొప్పి తగ్గుతుంది.

అందరూ రూటర్లే అయితే వినేదెవరు?

కొత్తగా కొన్న ప్రతివాడూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోల్‌ని రూటర్‌గా మార్చేస్తున్నాడు. పేరు బాగుంది కదా అని. దయచేసి ఆపండి. మామూలు క్లయింట్ నోడ్ కాసేపు ఆగి, ఇంకెవరైనా ఆ మెసేజ్ మళ్లీ పంపారేమో వింటుంది. పంపి ఉంటే తను ఊరుకుంటుంది. రూటర్ అలా ఊరుకోదు, అందరికంటే ముందే పంపేస్తుంది. కొండ మీద ఉన్నది అలా చేస్తే లాభం. మీ బెడ్‌రూమ్ కిటికీలో ఉన్నది చేస్తే, ఉన్న మూడు హాప్‌లలో ఒకటి మీ వీధిలోనే తగలబడిపోతుంది. రూటర్ రోల్ మంచి ఎత్తులో ఉన్న ఒకటి రెండు నోడ్‌లకి చాలు. మిగతావాళ్లంతా క్లయింట్‌గా ఉండటమే ఊరికి సేవ.

రూల్స్ కూడా చూసుకోవాలి. మన దేశంలో 2005 నోటిఫికేషన్ 865-867 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. షరతులున్నాయి: ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, క్యారియర్ బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్. మెష్‌టాస్టిక్ డిఫాల్ట్ అయిన లాంగ్ ఫాస్ట్ 250 వాడుతుంది. 125 వాడే లాంగ్ మోడరేట్ ఉంది. స్లో అవుతుంది, కానీ రూల్ లోపల ఉంటాం. ప్రీసెట్ ఒకటే అయితేనే నోడ్‌లు మాట్లాడుకుంటాయి కాబట్టి ఇది ఊరంతా కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. బోర్డు, యాంటెన్నా 868 రకానివి కొనండి. 433, 915 రకాలు మనకి పనికిరావు.

ఇంకోటి, తెలుగులో మెసేజ్ పెట్టేవాళ్లకి. ఒక మెసేజ్‌కి దాదాపు 200 బైట్లే దొరుకుతాయి. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకి విడివిడిగా 3 బైట్లు. "తుఫాను" అన్న ఒక్క మాటకే 18. కాబట్టి ఒక తెలుగు మెసేజ్ అంటే పది పన్నెండు మాటలు. మీ అమ్మగారికి నేర్పేటప్పుడు ఇది ముందే చెప్పండి.

చిప్ కంటే మనిషి ముఖ్యం

మా నోడ్ పెట్టిన రోజు వాచ్‌మన్ అన్న పైకి వచ్చి అడిగాడు. "ఏటి బాబూ ఇది? సెల్ టవరేటి?" కాదన్నా, తుఫానొచ్చి ఫోన్లు పోతే మెసేజ్‌లు పంపడానికి అని చెప్పాం. ఆయన హుద్‌హుద్ చూసిన మనిషి. కాసేపు దాన్నే చూసి, "అయితే ఆ రోజు పని చేస్తాది కదా?" అన్నాడు. చేస్తుందన్నాం.

అక్టోబర్‌లో ఆ మాట తప్పాం. నిజం తుఫాను కాదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు చిప్, బ్యాటరీ రెండూ మార్చాం. అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకున్నాం. డబ్బా మీద అది ఏమిటో, ఎవరికి చెప్పాలో తెలుగులో రాసి అంటించాం. నెలకోసారి ట్యాంక్ ఎక్కి ప్యానెల్ తుడిచే డ్యూటీ నలుగురం పంచుకున్నాం. వానాకాలం ముందు ప్యానెల్ మీద గుడ్డ కప్పి, నోడ్ ఎన్ని రోజులు బతుకుతుందో చూడాలని పెట్టుకున్నాం.

మీ గ్రూప్‌లో ఎవరైనా "బ్రో, కొత్త నోడ్ వచ్చింది, కొందామా?" అంటే ఒక్క ప్రశ్న వేయండి. మన రిపీటర్ మీద గుడ్డ కప్పితే ఎన్ని రోజులు ఉంటుంది? జవాబు తెలియకపోతే కొత్త నోడ్ తర్వాత కొందురు, ముందు మేడ ఎక్కండి.