కోర్టు చెయ్యి ఎంత దూరం పోతది?

2025 జనవరి 20న గద్దెనెక్కిన దినమే ట్రంప్ ఓ ఆర్డర్ మీద సంతకం పెట్టిండు. తల్లి చదువు వీసా మీదనో పని వీసా మీదనో ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకుంటే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఇయ్యరట. హెచ్-1బీ మీద పోయిన మన తెలుగోళ్ల ఇండ్లల్ల గుబులు వుట్టింది అందుకే.

మూడొద్దులల్ల సియాటిల్‌ల ఓ జడ్జి దాన్ని ఆపిండు. తర్వాత ఇంకొందరు జడ్జిలు దేశమంతట ఆపిండ్రు. అప్పుడు సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. ఏమడిగిందో చూడుండ్రి. "మా ఆర్డర్ కరెక్టేనా?" అని అడగలే. "ఒక్క జిల్లా జడ్జి దేశమంతట ఎట్ల ఆపుతడు?" అని అడిగింది.

జూన్ 27న 6-3తోని తీర్పొచ్చింది. కేసేసినోళ్లకు పూర్తి న్యాయం చేయనీకి ఎంత కావాల్నో, జడ్జి గంతే ఆపాలె అన్నరు. 1789 చట్టం కోర్టులకు ఇచ్చిన అధికారం గంతేనని జస్టిస్ బారెట్ రాసింది. బిడ్డల పౌరసత్వం సంగతి మాత్రం తేల్చలే. తీర్పుతోని పౌరసత్వం పోయిందనుకుంటే తప్పు.

ఈ హద్దు ఇయ్యాల్టిది కాదు. అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం నిజమైన తగాదా ఉంటెనే కోర్టు నోరు తెరవాలె. 1793ల వాషింగ్టన్ సర్కారు సలహా అడిగితే జడ్జిలు మా పని కాదన్నరు. మన దగ్గర 143వ అధికరణం కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం అడగొచ్చు. అక్కడ గట్ల నడ్వది. ఇంకోటి, 1868ల మిసిసిపీ పత్రిక ఎడిటర్ మెక్‌కార్డిల్ అప్పీలు సుప్రీంకోర్టుల ఉండంగనే, కాంగ్రెస్ ఆ అప్పీలు అధికారాన్నే గుంజుకున్నది. మరుసటేడు కోర్టు తలొంచింది.

హద్దులే వద్దని నేనన. 2015ల టెక్సస్‌ల ఒక్క జడ్జి ఒబామా స్కీమును దేశమంతట ఆపిండు. కాగితాల్లేని లక్షల మంది తల్లిదండ్రులకు ఆసరా అయ్యేది అది. అప్పుడు చప్పట్లు కొట్టినోళ్లే ఇప్పుడు జడ్జిల పెత్తనమంటున్నరు. అటోళ్లు, ఇటోళ్లు తమకు నచ్చే జడ్జిని ఎతుక్కుంటనే ఉన్నరు.

కానీ నా కొట్లాట ఒక్కటే. హక్కేమో అందరిది. 1868 నాటి 14వ సవరణ అదే చెప్తది. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోల పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసుల 1898ల కోర్టు గూడ అదే చెప్పింది. మరి కాపాడుడు మాత్రం వకీలును పెట్టుకున్నోళ్లకేనా? ఫీజు కట్టలేనోళ్లు, కోర్టు మెట్లెక్కితే వీసా పోతదని భయపడేటోళ్లు ఏం గావాలె? సర్కారు అందరి మీద ఒక్క సంతకంతోని పడ్డది. జనం ఒక్కొక్కరు మెట్లెక్కుమంటే ఏం న్యాయం?

అయితే కోర్టు ఒక తలుపు తెరిచే ఉంచింది. ఒక్క తీరు నష్టం ఉన్నోళ్లంతా కలిసి ఒక్క కేసుగ పోవచ్చు. జులై 10న న్యూ హాంప్‌షైర్‌ల ఓ జడ్జి ఇసొంటి పసిపిల్లలందర్నీ ఒక్క గుంపుగ లెక్కగట్టి, ఆర్డర్‌కు మల్ల అడ్డం వెట్టిండు.

గందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, "కోర్టు ఎవర్ని గెలిపించింది" అన్న హెడ్డింగు చూసి ఆగకుండ్రి. కోర్టు ఏ ప్రశ్నకు జవాబిచ్చింది, దేన్ని పక్కకు వెట్టింది, అది చదువుండ్రి.