పుష్పరాజ్ అడవికి దారెటు?

'పుష్ప' చూశారుగా! 2021 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రంలో కథ జరిగేది శేషాచలం కొండల్లో. ఎర్రచందనం పుట్టిల్లు కూడా అదే. కానీ తెర మీద మనం చూసిన అడవిలో చాలా భాగం తిరుపతి దరిదాపుల్లోది కాదు... గోదావరి ఏజెన్సీలోని మారేడుమిల్లిది!

అంటే, వేషం ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నమాట. సినిమా వాళ్ళకిది మామూలే. అంత బాగా నటించిన అడవిని మనం మాత్రం ఓసారి వెళ్ళి పలకరించి రావద్దూ?

దారి చెబుతాను, వినండి. రాజమండ్రిలో బయల్దేరి కోరుకొండ, గోకవరం దాటితే రంపచోడవరం. అల్లూరి సీతారామరాజు 1922లో తెల్లదొరల్ని గడగడలాడించిన రంప ప్రాంతం ఇదే. ఆయన మొదటి దాడి మాత్రం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' కోసం కృష్ణ గారి యూనిట్ వెళ్ళింది కూడా ఆ చింతపల్లి అడవులకే. అసలు చోటుకే వెళ్ళి అసలు కథ తీశారు!

రంపచోడవరం తర్వాత మారేడుమిల్లి. అక్కడ ఆగకుండా పోతే పాపం! మసాలా పట్టించిన కోడిముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. బొంగులో చికెన్ అంటే అదే.

ఆ పైన ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు... ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఈ ప్రయాణం పగలే పెట్టుకోండి. ఘాట్ దిగితే చింతూరు, అక్కడ ఒరిస్సా వైపు నుంచి వచ్చే శబరి. ఆ నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంకా ముందుకెళితే భద్రాచలం. 1973లో బాపు-రమణల 'అందాల రాముడు' బృందం పడవెక్కి భద్రాద్రికి వెళ్ళింది నది దారిన. మనది కొండ దారి. దేవుడు మాత్రం ఒక్కడే!

ఇంతవరకూ షికారు. ఇప్పుడు అసలు సంగతి.

పోలవరం జలాశయం నిండితే నీటిమట్టం 150 అడుగులు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో ఎన్నో ఊళ్ళు ముంపు జాబితాలో ఉన్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడే ఆ ఊళ్ళు మునిగి తేలాయి. పొలాలకు నీళ్ళు కావాలి, నిజమే... కాదన్నదెవరు? కానీ ఆ నీళ్ళ కోసం ఇల్లూ, చేనూ, వేల్పుల్నీ వదిలి లేచిపోవలసింది కోయలూ, కొండరెడ్లూ. మనం రెండు గంటలసేపు ఈలలు వేస్తూ చూసిన అందం వాళ్ళకి లొకేషన్ కాదు, ఊరు!

హీరో చొక్కా ఏ రంగుదో, ఏ పాటలో ఎన్ని డ్రస్సులు మార్చాడో మనకి కంఠతా వచ్చు. ఆ పాట వెనకాల కొండ పేరు ఎంతమందికి తెలుసు?

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... ఈసారి తెర మీద పచ్చటి లోయ కనిపిస్తే పక్క సీటు వాణ్ణి మోచేత్తో పొడిచి "ఇదే ఊర్రా?" అని అడగండి. వాడికీ తెలియకపోతే ఇద్దరూ కలిసి బస్సెక్కండి. వెళ్ళినచోట ఫోటోలు తీసుకోండి, వద్దనను. ఊరి పేరూ, ఆ ఊరివాళ్ళ కబురూ మాత్రం మరవకుండా వెంట తెచ్చుకోండి!