ప్రతి బడిలో మొలక పరీక్ష

తెలుగు రాష్ట్రాల్లో జూన్ 12న బడులు తెరుస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నైరుతి రుతుపవనాలు వస్తాయి, ఏరువాక సాగుతుంది, మండల కేంద్రాల్లో విత్తనాల దుకాణాల ముందు రైతులు బారులు తీరతారు. ఏడాది మొత్తం మీద విత్తనం గురించి ఇంతమంది ఇంత ఆందోళనగా మాట్లాడుకునే కాలం మరొకటి లేదు. ఆ మాటలేవీ తరగతి గది గుమ్మం దాటి లోపలికి రావు. అక్కడ విత్తనమంటే ఒక బొమ్మ. బీజకవచం, బీజదళాలు, ప్రథమమూలం, ప్రథమకాండం అని నాలుగు గీతలు గీసి పేర్లు రాస్తే పాఠం అయిపోయినట్లే, మార్కులు వచ్చినట్లే. ఇంటికి తెచ్చిన సంచిలోని గింజలు మొలుస్తాయా లేదా అని అదే పిల్లవాణ్ని అడిగితే జవాబు ఉండదు. ఆ సంగతి ఎలా తేల్చుకోవాలో ఎవరూ నేర్పలేదు.

ఐదో తరగతి దాటే ప్రతి అమ్మాయీ, ప్రతి అబ్బాయీ సొంతంగా మొలక పరీక్ష చేసి, ఫలితాన్ని శాతంలో చెప్పగలగాలి. విత్తనం పాఠం ఫలించిందో లేదో కొలవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి కనిపించదు. ఇందులో జీవశాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి, రైతు బతుకు ఉంది. ఖర్చు గుప్పెడు పెసలు.

అసలు విత్తనానికి ప్రాణం ఉందా? పాఠం ఈ ప్రశ్నతో మొదలుకావాలి. చిన్నపిల్లల్లో చాలామంది విత్తనాన్ని ప్రాణం లేని వస్తువుగానే లెక్కిస్తారని పలు దేశాల విద్యా పరిశోధకులు గమనించారు. పిల్లల తర్కంలో తప్పులేదు. గింజ కదలదు, పెరగదు, ఏమీ తినదు. ‘విత్తనం సజీవి’ అని నల్లబల్ల మీద రాసి కంఠతా పట్టిస్తే ఆ సందేహం తీరదు, నోరు మాత్రం మూతపడుతుంది. కొన్ని గింజలను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, మరికొన్నింటిని మామూలుగా వదిలి, రెండింటినీ వేర్వేరు తడి గుడ్డల్లో కట్టమనాలి. మర్నాటికి రెండు మూటల్లోనూ గింజలు ఉబ్బుతాయి. నీళ్లు పీల్చుకుని ఉబ్బడానికి ప్రాణంతో పనిలేదు, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. ఆ మరుసటి రోజు ఒక మూటలోంచే తెల్లటి మొన బయటికి వస్తుంది. రెండింటికీ మధ్య తేడా ఏమిటో అప్పుడు పిల్లలే చెబుతారు.

ఆ రెండు రోజుల్లో గింజ లోపల చాలా పని జరుగుతుంది. ఎండు గింజలో తేమ పది పన్నెండు శాతానికి మించి ఉండదు. అందుకే లోపలి పిండం దాదాపు ఆగిపోయినంత నెమ్మదిగా శ్వాసిస్తూ కాలం గడుపుతుంది. నీళ్లు తగలగానే మేలుకుంటుంది. వరి, జొన్న, రాగి వంటి ధాన్యాల్లో పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. పిండి నిల్వ చుట్టూ ఉన్న పలచటి పొరకు అది చేరి ఎంజైములను పుట్టిస్తుంది. అవి పిండి పదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన రాగిపిండికి తీపి అలా వస్తుంది. పెసర, సెనగ, చిక్కుడు వంటివాటిలో ఈ నిల్వ బీజదళాల్లోనే ఉంటుంది. తల్లి మొక్క బిడ్డకు కట్టిచ్చిన సద్దిమూట అది. ఆకు విచ్చుకుని, ఎండ తగిలి, సొంతంగా ఆహారం తయారుచేసుకునేదాకా మొలక దాన్నే తిని బతుకుతుంది.

ఈ ఒక్క విషయం బోధపడితే చాలా అపోహలు వాటంతటవే తొలగిపోతాయి. గింజ మొలవాలంటే మట్టి ఉండాలనీ, ఎండ తగలాలనీ పెద్దవాళ్లలోనూ ఎందరో అనుకుంటారు. నాలుగు గ్లాసులతో ఆ మాట పరీక్షకు పెట్టవచ్చు. ఒకదానిలో పొడి గింజలు, రెండోదానిలో తడి గుడ్డ మీద గింజలు, మూడోదానిలో అలాగే తడి గుడ్డ మీద ఉంచి చీకట్లో దాచిన గింజలు, నాలుగోదానిలో నిండా నీళ్లలో ముంచిన గింజలు ఉండాలి. పొడి గింజ మొలవదు. చీకట్లోది మొలుస్తుంది, కాకపోతే పాలిపోయి, సన్నగా సాగుతుంది. నీళ్లలో మునిగిన గింజ సరిగా ఎదగదు, కొన్నాళ్లకు కుళ్లి వాసన కొడుతుంది. దానికి గాలి అందలేదు. విత్తిన మర్నాడే కుండపోత వాన కురిసి చేలో నీళ్లు నిలిస్తే రైతు ఎందుకు తల పట్టుకుంటాడో నాలుగో గ్లాసు చూసిన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మన పంటలు మన పిల్లలకు ఇచ్చే పాఠాలు ఇంకా ఉన్నాయి. కోతకు వచ్చిన వరి తుపాను వానకు నేలవాలి, కంకి మీదే మొలకలు రావడం గోదావరి, కృష్ణా డెల్టాల్లో పిల్లలందరూ చూసే దృశ్యం. గుత్తి వేరుసెనగ కోత వేళ వాన పడితే కాయలోని గింజ భూమిలోనే మొలకెత్తి పంట పాడవుతుంది. తీగ రకాల గింజకు మాత్రం కొంతకాలం నిద్ర ఉంటుంది, తడి తగిలినా వెంటనే లేవదు. పుస్తకంలోని ‘సుప్తావస్థ’ ఇదే. ఇక వేరుసెనగ కాయ ఏర్పడే తీరు మరీ ఆశ్చర్యం. పువ్వు నేలకు పైన పూస్తుంది, ఫలదీకరణ జరిగాక ఊడ కిందికి దిగి మట్టిలోకి దూరుతుంది, కాయ చీకట్లో ఊరుతుంది. అనంతపురం జిల్లాలో ఒక బడి ఈ మొక్కను కుండీలో పెంచితే అంతకుమించిన ప్రయోగశాల అవసరం లేదు.

ఇప్పుడు మొలక పరీక్ష సంగతికి వద్దాం. వంద గింజలు ఏరకుండా లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టా మీద వరుసలుగా పేర్చి, చుట్టి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తుండాలి. పంటను బట్టి వారం నుంచి రెండు వారాల్లో ఆరోగ్యంగా మొలిచినవాటిని లెక్కిస్తే ఆ సంఖ్యే మొలక శాతం. ధ్రువీకరించిన విత్తనానికి ఇది వరిలో 80, కందిలో 75, వేరుసెనగలో 70 శాతానికి తగ్గకూడదని ప్రమాణాలు చెబుతున్నాయి. విత్తన చట్టం వచ్చింది 1966లో. ఇన్నేళ్లయినా నకిలీ విత్తనాల వార్త లేని ఖరీఫ్ లేదు. సంచికి కుట్టిన నీలం ట్యాగు ధ్రువీకరణ విత్తనానిదనీ, తెల్ల ట్యాగు మూల విత్తనానిదనీ పదేళ్ల పిల్లవాడు నేర్చుకోగలడు. దాని మీది గడువు తేదీ, మొలక శాతం చదివి ఇంట్లో చెప్పగలడు. చదువు ఇంటికి చేసే మేలంటే ఇలాంటిదే.

లెక్కల పాఠంగానూ దీనికి సాటి తక్కువ. ఒకే సంచిలోని గింజలకు ఒక జట్టు 78 శాతం, ఇంకో జట్టు 84 శాతం తేలుస్తాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. నమూనా మారితే ఫలితం కొంత మారుతుందనీ, పది గింజలతో తేల్చినదాని కన్నా వంద గింజలతో తేల్చింది నమ్మదగిందనీ, అన్ని జట్ల సగటు ఇంకా నమ్మదగిందనీ పిల్లలు తమ కళ్లతో తెలుసుకుంటారు. మొలవని గింజలను పారేయకుండా విప్పి చూస్తే పురుగు తిన్నవి, తాలువి, బూజు పట్టినవి బయటపడతాయి. మన బడుల్లో ప్రదర్శన రోజున బాగా మొలిచినవాటినే ముందు పెట్టే అలవాటు ఉంది. మొలవనివాటి వివరం కూడా రాసినప్పుడే ఆ ప్రయోగం నిజాయతీగా జరిగినట్లు.

ఇంత మామూలు పనిలో విజ్ఞానశాస్త్రం ఏముందని ఎవరికైనా అనిపిస్తే డార్విన్‌ను గుర్తుచేయాలి. సముద్రం దాటి మొక్కలు దీవులకు ఎలా చేరాయో తేల్చడానికి ఆయన విత్తనాలను ఉప్పునీళ్లలో నానబెట్టి మొలకలు లెక్కించారు. 87 రకాల్లో 64 రకాలు 28 రోజుల తర్వాత కూడా మొలిచాయి. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో విత్తనాలు, ఇసుక కలిపి 20 సీసాల్లో నింపి పాతిపెట్టారు. వాటిలో ఒకదాన్ని 2021లో తవ్వి తీస్తే, 142 ఏళ్ల తర్వాత కూడా కొన్ని మొలకెత్తాయి. తర్వాతి సీసా 2040లో తీస్తారు. ఆ ప్రయోగాలకూ, మన బడిలో చేయదగిన మొలక పరీక్షకూ పద్ధతి ఒక్కటే: నానబెట్టడం, ఎదురుచూడటం, లెక్క రాయడం.

ఈ గడ్డ మీద విత్తనం, బాల్యం కలిసిన చోట ఒక చేదు చరిత్ర కూడా ఉంది. దాన్ని దాటవేస్తే ఈ చర్చ అసంపూర్ణం. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుకావాలంటే పువ్వు పువ్వునూ చేత్తో తాకాలి. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ విప్పి, రేకులూ కేసరాలూ తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని కీలాగ్రానికి రుద్దాలి. గద్వాల నడిగడ్డలో, కర్నూలు ప్రాంతంలో సీడు పత్తి చేలలో ఈ క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి పిల్లల్ని పెట్టారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. ఎత్తు తక్కువ, వేళ్లు చిన్నవి, కూలి చవక అన్నవే కారణాలు. పరాగసంపర్కం అంటే ఏమిటో ఆ పిల్లలకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆ మాట చదివే పుస్తకం మాత్రం వాళ్ల చేతికి అందలేదు. హక్కుల సంఘాల పోరాటం, తనిఖీలు, 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. అయినా సీజను వచ్చిందంటే కొన్ని గ్రామాల హాజరు పట్టీలు ఇప్పటికీ జాగ్రత్తగా చూడవలసిందే. పువ్వు నుంచి గింజ పుట్టే తీరు పిల్లలు చేతులతో నేర్చుకోవాలి. అది బడిలో, తమ ప్రశ్నలకు జవాబుగా జరగాలి. ఆ చేతులతో కూలి చేయించే హక్కు ఎవరికీ లేదు.

చేతులతో నేర్పే సైన్సు మన దేశానికి కొత్తేమీ కాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రభుత్వ బడుల్లోనే, చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే ప్రయోగాలు చేయించింది. మూడు దశాబ్దాలు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఎంత మంచి ప్రయత్నమైనా పాఠ్యప్రణాళికలో, పరీక్ష విధానంలో, ఉపాధ్యాయ శిక్షణలో పాతుకుపోకపోతే ఒక్క ఉత్తర్వుతో ఎగిరిపోతుందని ఆ అనుభవం హెచ్చరిస్తోంది. అందుకే మొలక పరీక్షను ఉత్సాహవంతులైన టీచర్ల సొంత ప్రయత్నంగా వదిలేయకూడదు. ఐదో తరగతి మూల్యాంకనంలో దాన్ని తప్పనిసరి చేయాలి.

నేర్పేవాళ్లకు కొరత లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను ఊరూరా కాపాడుకుంటూ వచ్చాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. బూడిద కలిపి, వేపాకు వేసి గింజను ఎలా దాచాలో, ఏ కంకిని విత్తనానికి తీయాలో తెలిసిన మహిళలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లంబాడీ తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు కంటికి రెప్పలా కాపాడతారు. నారు పోసేముందు వడ్లు నానబెట్టి మండె కట్టే తాత ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు సంచి లేని బడి ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ రోజుల్లో వీళ్లను పిలిచి, కుర్చీ వేసి, గురువులుగా కూర్చోబెట్టాలి.

సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలడం లేదని ఉపాధ్యాయులు అంటారు. ఆ బాధ నిజమే. కానీ మొలక పరీక్షకు రోజూ పట్టేది కొద్ది నిమిషాలు, అదీ పిల్లలే చూసుకుంటారు. నగరంలో నేల ఎక్కడిదన్న ప్రశ్నకు తడి గుడ్డే సమాధానం. జాగ్రత్తలు మాత్రం తప్పవు. రంగు పూసిన దుకాణం విత్తనాలకు పురుగుమందు పట్టించి ఉంటుంది కాబట్టి వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు, వంటింటి గింజలే వాడాలి. జట్రోఫా కాయలు తిని బడిపిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు మన దగ్గర పలుమార్లు వచ్చాయి. ఆముదం, గురివింద, ఉమ్మెత్త గింజలు కూడా విషమేనని విత్తనాల పాఠంలోనే చెప్పాలి.

ఇంకో మాట కూడా పిల్లలకు తెలియాలి. హైబ్రిడ్ పంట గింజలు మొలుస్తాయి, కానీ ఆ మొక్కలన్నీ తల్లి పంటలా ఒకే తీరుగా రావు. సూటి రకాల గింజను దాచుకుని మళ్లీ విత్తుకోవచ్చు. పండించిన విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు రైతుకు 2001 చట్టం ఇచ్చింది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఈ తేడా, ఈ హక్కు రెండూ తెలిసిన పిల్లలు రేపు మోసపోని రైతులవుతారు, లేదా రైతు కష్టం తెలిసిన పౌరులవుతారు.

తెలంగాణ దేశానికి విత్తన భాండాగారం కావాలని కోరుకుంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో లక్షల కుటుంబాలు ఖరీఫ్ విత్తనం మీద ఆశపెట్టుకుని బతుకుతున్నాయి. ఇలాంటి నేల మీద వంద గింజలు నానబెట్టి లెక్క చెప్పలేకుండా ఒక తరం పెరగడం విద్యావ్యవస్థ వైఫల్యమే. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వ్యవసాయ శాఖలతో మాట్లాడి, వచ్చే జూన్‌కల్లా ప్రతి ప్రాథమిక పాఠశాలలో మొలక పరీక్షను తప్పనిసరి చేయాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఆగనవసరం లేదు. వంటింటి డబ్బాలోంచి వంద పెసలు లెక్కపెట్టి పిల్లల చేతికివ్వండి. లెక్క వాళ్లనే రాయనివ్వండి.