పిల్లల మనసు ‘అదనపు బాధ్యతా’?

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. పదోన్నతి కోసం అకౌంట్స్ టెస్టు పాసవ్వవలసి వచ్చింది. బిల్లులో ఒక్క అంకె తప్పినా ఖజానా శాఖ తిప్పి పంపేది. కాగితాల విషయంలో ఇంత పట్టింపు గల ప్రభుత్వం, మన పిల్లల మనసులను ఎవరి చేతికి అప్పగిస్తున్నదో ఒక్కసారి ఆలోచించండి.

మా బస్తీ అమ్మాయి ఒకతె గురుకులంలో తొమ్మిదో తరగతి చదివేది. తండ్రి ఇంతకాల్ అయ్యాక ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. అక్కడ ‘మెంటర్’ లేరా అంటే ఉన్నారు. పగలంతా పాఠాలు చెప్పి, రాత్రి హాస్టలు విధులు కూడా చూసే ఉపాధ్యాయురాలే ఆ మెంటర్. మంచి మనసున్న మనిషి. “సబర్ చెయ్యి, చదువు మీద దృష్టి పెట్టు” అన్నారు. అంతకు మించి ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. దసరా సెలవులకు ఇంటికొచ్చిన ఆ పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదు.

తప్పు ఆ ఉపాధ్యాయురాలిది కాదు. ‘అదనపు బాధ్యత’ అని రాసి ఫైలు మూసేసే పద్ధతిది. అటువంటి నోట్‌లు నేనూ ఎన్నో రాశాను కనుక ఆ రెండు మాటల వెనుక ఎంత శూన్యం ఉంటుందో నాకు తెలుసు.

పాఠం చెప్పేవారికి కనీస అర్హతలు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోని 23వ సెక్షన్ చెబుతున్నది. టెట్ పరీక్ష అలా వచ్చిందే. మరి పిల్లల దుఃఖం వినేవారి మాటేమిటి? విశాఖపట్నంలో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దీనికి జవాబు చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్‌ గానీ, మనస్తత్వ నిపుణుడు గానీ, సామాజిక కార్యకర్త గానీ కనీసం ఒకరుండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమలులో ఉంటాయి.

“నిధులు లేవు” అని అధికారులు అంటారు. ఆ మాట కన్నా “దీన్‌దార్ మనిషైతే చాలు, డిగ్రీ ఎందుకు?” అనే మనవాళ్ల మాటే నన్ను ఎక్కువ బాధిస్తుంది. జ్వరమొస్తే దుఆ చేయించుకుంటాం, డాక్టరు దగ్గరికీ వెళ్తాం. మనసుకు మాత్రం డాక్టరు అక్కర్లేదా? పిల్ల చెప్పిన రహస్యాన్ని కాపాడడం, ప్రమాద సూచనను పసిగట్టడం, ఎప్పుడు వైద్యుని వద్దకు పంపాలో తెలియడం మంచితనంతోనే వచ్చేవి కావు. అవి నేర్చుకోవలసిన విద్య. దానికి తోడు పిల్ల ఇంట్లో మాట్లాడే ఉర్దూ అర్థం కావాలి, ఆమె హిజాబును చిన్నచూపు చూడని సంస్కారం ఉండాలి.

తల్లిదండ్రులారా! వచ్చే సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. మా బడిలో కౌన్సిలర్ ఎవరు? వారి అర్హత ఏమిటి? అది వారి పూర్తికాలపు పనేనా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వక తప్పదు. సంతానం మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని ఎవరికి అప్పగిస్తున్నామో అడిగి తెలుసుకోవడం మన విధి.