ఐబు మీద పూల షీటు

నడికుడి స్టేషన్ దగ్గర మా నానా కట్టించిన ఇంటికి మేడ మీద ఒకే ఒక గది. కింద అంతా మన పల్నాడు నాపరాయి. పైన మాత్రం టేకు దూలాల మీద చెక్క పలకలు. అలిఫ్ బే దిద్దింది ఆ ఫర్ష్ మీదే. తర్వాత డిగ్రీ తెలుగు నోట్సు బట్టీ పట్టిందీ అక్కడే.

నాలుగేళ్ల కిందట చెల్లికి పైగామ్ వచ్చింది. దూల్హా వాళ్లు వారంలో వస్తున్నారు. పలకలు చూస్తే ఒకటి లేచి, ఒకటి దిగి, మధ్యలో వేలు పట్టే సందులు. సజ్దాలో మోకాలికి గట్టు తగిలేది. "పైన వినైల్ షీటు పరిస్తే అంతా కప్పుకుపోతుంది భాయ్, కింద ఏముందో ఎవరు చూస్తారు?" అన్నాడు షీటు అతను. వడ్రంగి మేస్త్రీ మాత్రం మూడు రోజుల మజ్దూరీ అడిగాడు. కనబడని పనికి మూడు రోజులా అని ఆయన్ని పంపేశాను. కసూర్ నాదే. మార్బుల్ డిజైన్ షీటు ఒక్క పూటలో పరిచేశారు. కింద గది నుంచి దూలాలు కనబడకుండా థర్మోకోల్ సీలింగ్ కూడా కొట్టించాను. మెహమాన్లు మాషా అల్లాహ్ అన్నారు. నేను పొంగిపోయాను.

మొదటి ఎండాకాలానికే షీటు మీద పలకల గీతలు తేలాయి. రెంటచింతల ఎండల గురించి ప్రతి మే నెలా వార్త రాసేవాణ్ణి, ఆ ఎండ మా ఇంట్లో ఏం చేస్తుందో ఆలోచించలేదు. వినైల్ అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం. వేడికి మెత్తబడి కింద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారానికి దిగిపోతుంది. గట్టు ఉన్నచోట ముందు అరుగుతుంది, తర్వాత చిరుగుతుంది. అది పోతే పోనీ. వానాకాలంలో గోడ వెంట దిగిన తడి అంచు నుంచి షీటు కిందికి దూరింది. పైన వినైల్, కింద థర్మోకోల్. చెక్కకు ఊపిరాడే దారి లేదు. రెండో ఏడు అమ్మీ ఇఫ్తార్ పళ్లెం పట్టుకుని నడుస్తుంటే షీటుతో సహా కాలు దిగబడింది. మడమ దగ్గర ఎముక విరిగింది. షీటు ఎత్తి చూస్తే పలక చేత్తో నలిపితే పొడైపోయేలా ఉంది.

ధాన్యం కుప్పలో హుజూర్ (స.అ.స.) చెయ్యి పెట్టిన వాకయా మన పిల్లలకు కూడా తెలుసు. పైన పొడి, లోపల తడి. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. మరి దాన్ని పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. మనం ఏమీ అమ్మడం లేదు కదా అంటారా? పైగామ్ తెచ్చినవాళ్లకు చూపించడానికే కదా ఆ షీటు!

ఇప్పుడు ప్రతి ఈద్ ముందూ, ప్రతి నికాహ్ ముందూ మన ఇళ్లలో ఇదే దిఖావా చూస్తున్నాను. అందుకే ఆ మేస్త్రీ దగ్గరికి మళ్లీ వెళ్లి, మాఫీ అడిగి నేర్చుకున్నది రాస్తున్నాను. ముందు తడి ఎక్కడి నుంచి వస్తుందో పట్టాలి. కప్పు కారుతుంటే నేల పని మొదలే పెట్టకూడదు. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి పలకనూ, దూలాల చివరలు గోడలోకి వెళ్లే చోటునూ పొడిచి చూడాలి. మెత్తగా దిగితే చెదలో, కుళ్లో. ఆ పలక మార్చాల్సిందే, లప్పంతో కప్పడం ఫరేబ్. కదిలే పలకలను మేకులతో కాదు, స్క్రూలతో దూలానికి బిగించాలి. మేకు ఎండకీ వానకీ ఊగి మళ్లీ తల ఎత్తుతుంది. లేచిన అంచులకు చిత్రిక పట్టాలి. రెండు మీటర్ల అల్యూమినియం బద్ద పెట్టి చూస్తే కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనబడకూడదు. ఆపైన కనీసం ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్, నీటికి తట్టుకునే రకం, అంచుల వెంట జానెడు కంటే దగ్గరగా స్క్రూలు. ప్లైవుడ్ జోడింపులు నాలుగు మూలలూ ఒకచోట కలవకూడదు. స్క్రూ గుంటలు, అతుకులు పుట్టీ పెట్టి రుద్దాలి. అప్పుడు షీటు. అదీ ఒక రోజు ముందే ఆ గదిలో విప్పి పరిచి ఉంచాలి.

"గరీబువాడికి ఇంత ఖర్చెక్కడిది?" అని మా ఖాలూ నా మీద గుస్సా అయ్యారు. నేనూ అదే అంటున్నాను ఖాలూజాన్. డబ్బు ఒక్కదానికే ఉంటే షీటు మానెయ్యండి. బిగిసిన పలక మీద చాప చాలు. అప్పు చేసి పూలు పరిచి, మేస్త్రీ మజ్దూరీలో కోత పెట్టడం ఏ లెక్కన పొదుపు? ఆ నేల మీద ఖాళీ కాళ్లతో రోజంతా తిరిగేది మెహమాన్లు కాదు. మన అమ్మీలు, దాదీలు, పాకే పిల్లలు. మెహమాన్ గంట కూర్చుని చాయ్ తాగి వెళ్తాడు.

మా గదిలో ఏడు పలకలు మార్చాం. థర్మోకోల్ పీకేశాం. కప్పు కారడం ఆగింది. షీటు ఇంకా కొనలేదు. అమ్మీ మెట్లు ఎక్కడం మానేసింది గానీ, మొన్న కింది నుంచే కేకేసి అడిగింది, "బేటా, పైన ఇంకా కిర్రుమంటుందా?" అని. నేను ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి చూపించాను.