తెలుగు రాతకు చుక్కల పుస్తకమే మేలు

రోజూ డైరీ రాసుకునేవాళ్లు గీతల పుస్తకం కొనొద్దంటాను నేను. ఇంకు పెన్నుతో, అందులోనూ తెలుగులో రాసేవాళ్లకి మరీ గట్టిగా చెబుతాను. మన అక్షరం గీత మీద బుద్ధిగా కూర్చునేది కాదు. పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ష కింద ట ఒత్తు, దాని పక్కన క్రారవడి. ఇరుకు గీతలైతే అవి రెండూ గీత దాటి కింది వరసలోని గుడికి తగులుకుంటాయి. చుక్కల పేజీలో ఆ బాధ లేదు. సాధారణంగా 5 మిల్లీమీటర్లకో చుక్క ఉంటుంది. ఒక వరస అక్షరానికి, దాని కింది వరస ఒత్తుకి వదిలితే రాత ఊపిరి పీల్చుకుంటుంది.

అయితే చుక్క లేత బూడిద రంగులో ఉండాలి. ముదురు చుక్క సరిగ్గా ‘ద’ కింద పడిందంటే అది ‘ధ’లా కనిపిస్తుంది, ‘ప’ కాస్తా ‘ఫ’ అయి కూర్చుంటుంది. బడిలో తెలుగు చెప్పి, పిల్లల చేతిరాతలు దిద్దినదాన్ని. ఈ తేడా నా కంట్లో ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక కాగితం. అసలు సంగతి ఇక్కడే ఉంది. షాపులో అడిగితే జీఎస్ఎం చెబుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ లెక్క. ఇంకు పాకుతుందో లేదో అది చెప్పదు. జపాన్ వారి తొమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎమ్మే, ఉల్లిపొరంత పల్చన. వెనక నీడ కనబడుతుంది గానీ ఇంకు ఊరదు. అదే 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మీద అక్షరం అంచుల్లో పీచులు పీచులుగా పాకిపోవచ్చు. తేడా అంతా పూతలో ఉంది. నేత చీరకి గంజి పెట్టినట్టు కాగితానికీ పిండిపదార్థం పట్టిస్తారు. అది సరిగ్గా పడితే ఇంకు పైనే నిలిచి ఆరుతుంది. ఆరడానికి కాస్త సమయం తీసుకుంటుంది కాబట్టి అద్దుడు కాగితం దగ్గర పెట్టుకోవాలి.

తెలుగుకి ఈ పూత మరీ ముఖ్యం. మనవి గుండ్రటి అక్షరాలు. మెలిక తిరిగే చోట పాళీ నెమ్మదిస్తుంది, అక్కడ ఇంకు ఎక్కువ దిగుతుంది. అందుకే కొనేముందు చివరి పేజీలో ‘ఘ’, ‘ఝ’, ‘లక్ష్మి’ నిదానంగా రాయండి. సొంత పెన్నుతోనే రాయండి. మెలికల మధ్య తెలుపు తెల్లగా మిగిలితే పుస్తకం మంచిది. పూడుకుపోతే అట్ట ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. రాసి చూడనివ్వని షాపులో కొనకండి.

సైజు ఎవరి ఇష్టం వాళ్లది. నాకు ఏ5 చాలు. బైండింగ్ మాత్రం దారంతో కుట్టినదై ఉండాలి, బల్ల మీద పరిస్తే చదునుగా పడుకోవాలి.

నా బాధల్లా ఒకటే. రాజమండ్రిలో రత్నం పెన్నులు పుట్టాయి. 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పెన్ను అది. అదే ఊళ్లో పేపర్ మిల్లు ఉంది. భద్రాచలం దగ్గర సారపాకలో ఒకటి, కాగజ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. ఇన్ని ఉండీ, ఆ పెన్నుకి తగిన చుక్కల పుస్తకం మా ఊరి స్టేషనరీ షాపుల్లో అడిగితే విదేశీ సరుకే చూపిస్తారు. మామూలు నోటుబుక్కు కంటే ఎన్నో రెట్ల ధర. కాలేజీ పిల్ల నెలనెలా కొనగలదా? మన మిల్లులవాళ్లు, నోటుబుక్కులు వేసేవాళ్లు పూత బాగా పట్టిన కాగితం మీద లేత చుక్కలతో, తెలుగు ఒత్తుకి చోటుండేలా ఒక పుస్తకం తేవాలి. అచ్చుకి ముందు నాలుగు పేజీలు తెలుగు పంతుళ్ల చేతికిచ్చి ఇంకు పెన్నుతో రాయించి చూడాలి.